మూడు బండ్ల మర్యాద

మా అత్తగారింట్లో ‘కొంచెం’ అనే మాట పలకకూడదు. కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఆ సంగతి నాకు తెలిసింది. మధ్యాహ్నం వడ్డిస్తూ, "కొంచెం పప్పు ఎయ్యల్నా మామా?" అని మామగారిని అడిగాను. ఆయన తలెత్తలేదు గానీ, పక్కన కూర్చున్న ఇద్దరు అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అత్త వంటింట్లోంచి వచ్చి నా చేతిలో గంటె తీసుకుంది. మామగారి ఆకులో పప్పు గట్టు తెగేటట్టు పోసి, నన్ను లోపలికి పిలుచుకుపోయింది.

"కొంచెం యాడిది ఈ ఇంట్లో?" అంది. కోపం లేదు, పసిపిల్లకు నడక నేర్పుతున్నట్టే చెప్పింది. "అడిగి వడ్డించేది కూడా ఒక వడ్డనేనా? ఎయ్యి. చాలని చెయ్యి అడ్డం పెడతారు. ఆ చెయ్యి పక్కకు తోసి ఇంకొక గంటె ఎయ్యి. పెట్టేదంటే అది."

తిని లేచినవాళ్ళ ఆకులో అన్నం మిగలాలి. అదీ ఆ ఇంటి పద్ధతి. ఆకు తుడిచినట్టు ఉందంటే ఆ మనిషికి కడుపు నిండలేదని అర్థం, నిండలేదంటే ఇల్లు పెట్టలేదని అర్థం. భోజనాలయ్యాక అత్త పందిరి కింద ఒకసారి నడిచి ఆకులు చూసేది. ప్రతి ఆకులో ఇంత మిగిలి ఉంటే ఆమె మొహం తేటపడేది. మిగిలింది గేదెల తొట్టిలోకి పోయేది. మా పుట్టింట్లో గింజ వదిలితే పాపం. నాయన తిన్నాక కంచం వేలితో తుడిచి, ఒక క్షణం కళ్ళు మూసుకుని చేతులు జోడించేవాడు. అందుకే ఆ తొట్టి పక్కన నిలబడినప్పుడల్లా నా ప్రాణం అదోలా అయ్యేది.

మా పుట్టిల్లు గుమ్మఘట్ట దాటినాక, తెలుగూ కన్నడమూ కలిసి వినబడే ఒక చిన్న పల్లె. అయిదో తరగతి తర్వాత అక్కడ బడి లేదు. పక్క ఊరికి నడిచిపోవాలి, ఆడపిల్లను పంపరు. అందుకని నాకు చదువు చెప్పింది నాయనే. ఆయన పెద్ద చదువరి కాదు. రెండు లిపులూ కూడబలుక్కుని చదివేవాడు. సాయంత్రాలు గుడిలో పురాణం చదివి నలుగురికీ అర్థం చెప్పేవాడు. మాకున్నది వానను నమ్ముకున్న మెట్టచేను. ఏటా వేరుశనగే. తొలకరికి ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని విత్తనానికి దాచిన కాయలు చేత్తో ఒలిచేవాళ్ళం. మరలో వేస్తే గింజ పైపొర చిట్లి మొలక రాదని నాయన భయం. వేళ్ళు బొబ్బలెక్కేవి. ఆ మంట మరిపించడానికి ఆయన మాటల పాఠం ఎత్తుకునేవాడు.

"దుబారా అంటే ఏంది?"

"ఉండేదానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టేది నాయనా."

"అది అర్థం. ఎవురు ఎవుర్ని అంటారో చెప్పు."

ఆలోచించాను. "నువ్వు అమ్మను అంటావు."

నాయన నవ్వితే ఒళ్ళో గింజలు కదిలాయి. "అది! దుబారా అనేది ఇంట్లోవాళ్ళను అంటారు. అదే పని పక్కింటోళ్ళు చేస్తే?"

"ఎచ్చులు పోతాండారు అంటారు."

"నిన్నమొన్నటిదాకా మన మాదిరే ఉండి, ఇప్పుడు చేస్తే?"

"నడమంత్రపు సిరి."

"మనల్ని పిలిచి పెట్టినోడు?"

"ధారాళమైన మనిషి."

"పిలవకుండా చేసుకున్నోడు?"

"ఆర్భాటం!"

లోపల్నుంచి అమ్మ కేకేసింది. "మాటలు ఒలిచింది చాలు, కాయలు ఒలవండప్పా. వాన మీకోసం కాచుకోదు."

నాయన గొంతు తగ్గించాడు. "పని ఒకటే ఉంటాది తల్లీ. దానికి పేరు పెట్టేది చూసేటోడు. కాబట్టి ఒక మాట ఇన్నప్పుడు, చేసినోడు ఎట్లాంటోడో తెల్దు గానీ, అన్నోడు యాడ నిలబడి చూస్తాండాడో తెలుస్తాది."

"దేవునికి చేస్తే నాయనా?"

"వైభోగం. ఆ ఒక్క మాటలోనే అసూయ లేదు."

ఇంత చదువుతో, తొంభైల చివర్లో, ధర్మవరం పక్కన ఆ పెద్దింటికి కోడలినయ్యాను. మామగారు ఊరికి పెద్ద. రాజకీయం ఉన్న ఇల్లు. పొద్దున లేస్తే అరుగు మీద మనుషులు. పొయ్యి ఆరేది కాదు. రాతి గోడల మధ్య ఇనుప గేటు, గేటు పక్కన జీపులు. నాకు తిండికీ బట్టకూ ఏ లోటూ జరగలేదు. వచ్చిన నెలలోనే మా అత్త తన చేతి గాజులు తీసి, అడగకుండానే నాకు తొడిగింది. ఆమె చెయ్యి నిజంగా పెద్దది. ఆ రుణం నాకు గుర్తుంది, ఆమె పేరు తల్చుకుని దీపం పెట్టిన రోజులున్నాయి.

కానీ ఆ ఇంటి మాటలు నన్ను రెండువైపులా పట్టుకునేవి. ట్యాంకరు నీళ్ళు తెప్పించుకునే రోజుల్లో మల్లెతీగకు ఇంకొక చెంబు పోశానా, "దుబారా మనిషివే నువ్వు" అనేది అత్త. పెద్ద గంగాళంలో మిగిలిన అన్నం, ఎవరూ చెయ్యి పెట్టనిది, పనికి వచ్చే ఆడవాళ్ళకు పంచుదామని తీసి పెట్టానా, "కక్కుర్తి! మిగిలింది పెడతారా మనుషులకి? పెట్టాలనుంటే కొత్తగా వండి పెట్టు" అనేది. పందిరి వేసి ఊరంతటికీ పెట్టేది మా ఇంట్లో దర్జా. ఎదురింట్లో అదే పందిరి లేస్తే, మా అత్త మిద్దె మీద నిలబడి, "ఏమి ఎచ్చులమ్మా వీళ్ళకి!" అనేది. ఎంత చేస్తే సరిపోతుందో, ఎంత దాటితే తప్పో నాకెప్పటికీ తెలియలేదు. తెలియనివాళ్ళు చేసే పనే నేనూ చేశాను. ఏమీ చేయకుండా ఉండడం నేర్చుకున్నాను.

ఆ ఇంటి కోడలు నడిచి వీధిలోకి పోకూడదు. నాలుగిళ్ళ అవతల గుడికైనా బండి రావాలి. బండిలో తోడు ఉండాలి. తోడు ఉన్నాక పళ్ళెం నిండుగా ఉండాలి. పళ్ళెం నిండడానికి ఎవరినైనా ధర్మవరం పంపాలి. ఇంత హంగు కుదిరిన రోజు గుడికి పోయేదాన్ని. కుదరని రోజు వంటింటి గూట్లో ఉన్న దేవుడికే దండం పెట్టేదాన్ని. ఆయన అక్కడికి కూడా వచ్చి కూర్చున్నందుకు సంతోషపడేదాన్ని. మొదట్లో దీన్ని గౌరవమనుకున్నాను. పుట్టింటి దారి దగ్గరికొచ్చేసరికి గాని నాకు సంగతి అర్థం కాలేదు.

పెళ్ళయిన ఏడాది ఆషాఢానికి అమ్మావాళ్ళు నన్ను తీసుకుపోయారు. నెల నిండాక అత్తవాళ్ళు పిలుచుకుపోవడానికి వచ్చారు. మా పల్లె బాటలో ఎర్రదుమ్ము లేచింది. ముందొక జీపు, వెనకొకటి, ఆ వెనకొకటి. ముప్పై మంది దాకా దిగారు. గంపలకు గంపలు లడ్లు, అరటిగెలలు, చీరలు. మా పల్లెలో ప్రతి గడపకూ పంచి పెట్టింది అత్త. ఊరంతా నోరు తెరిచి చూసింది. మామగారు అరుగు మీద కూర్చుని మీసం సవరించుకున్నారు.

వచ్చినవాళ్ళకు తగినట్టు పెట్టాలి కదా. ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఒలిచిన విత్తనం మూటల్లో సిద్ధంగా ఉంది. నాయన ఒక్క నిమిషం ఆ మూటల వైపు చూసి, అమ్మకు తలూపాడు. అమ్మ మూట విప్పింది. విత్తనాలు వేయించి బెల్లంపాకంలో ఉండలు కట్టింది, పొడి కొట్టింది, ఓళిగల్లోకి పూర్ణానికి కూడా రుబ్బింది. మేకపోతును కోశారు. అత్తవాళ్ళు మెచ్చుకుంటూ తిన్నారు. మెచ్చుకున్నారు కాబట్టే, పద్ధతి ప్రకారం, ఆకుల్లో సగానికి సగం వదిలి లేచారు.

నాయన స్వయంగా వంగి ఆకులెత్తాడు. కొరికి వదిలేసిన ఉండలు ఆకుల్లో అలాగే ఉన్నాయి. నేను స్తంభం వెనక నిలబడి చూశాను. ఆయన నావైపు తిరిగి, "ధారాళంగా పెట్టినాము గదా తల్లీ?" అన్నాడు. అప్పుడే నవ్వుకూడా నవ్వాడు. నేను జీపెక్కాను. ఆ వారంలోనే వాన పడింది. చేనులో సగం విత్తారు, సగం బీడుగా మిగిలింది. ఆ సంగతి అమ్మ నాకు మొదటి కాన్పప్పుడు చెప్పింది. ఆసుపత్రి మంచం అంచున కూర్చుని, చెప్పకూడదనుకుంటూనే చెప్పింది.

ఆ తర్వాత పుట్టింటికి పోతానని నేను అడగలేదు. అడగకపోయినా అత్తే అనేది, ప్రేమగానే అనేది. "పుట్టిల్లు గుర్తొస్తాందా? పోదాంలేమ్మే. దర్జాగా పోదాం. ఈసారి నాలుగు బండ్లు పెడదాం." పంపితే మా నాయన చేను పోతుంది. పంపకపోతే ఆయన మొహం చూడలేను. ఒకసారి ధైర్యం చేసి, "నేనొక్కదాన్నే పోయొస్తాను అత్తా, ఒక్క పూట" అన్నాను. ఆమె నా నుదురు తాకి చూసింది. "జ్వరమొచ్చిందా? వట్టి చేతులతో, ఒక్కదానివే పోతే మీవాళ్ళేమనుకుంటారు? మేము నిన్ను తరిమేసినామనుకోరా?"

రెండు వేలు దాటాక వరుసగా కరువులు వచ్చాయి. మావైపు మనుషులు మూటలు కట్టుకుని బెంగళూరు పోయారు. పెద్దింట్లోనూ చేతులు బిగిశాయి, కానీ గేటు దగ్గర మాత్రం ఏమీ బిగిసినట్టు కనబడకూడదు. అందుకని నాలుగు బండ్ల ప్రయాణం వచ్చే ఏడుకు, మళ్ళీ వచ్చే ఏడుకు జరిగింది. పెద్దగా పోవడానికి వీల్లేదు, చిన్నగా పోకూడదు. ఫోను హాల్లో ఉండేది, అందరూ వింటుండగా మాట్లాడేదాన్ని. నాయన ఎప్పుడొస్తావని ఒక్కసారి కూడా అడగలేదు. "ఆ పక్క వాన పడిందా?" అని అడిగేవాడు. "పడలేదు నాయనా" అనేదాన్ని. ఫోను పెట్టేసేవాళ్ళం.

ఒక వేసవిలో అమ్మ ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసింది. నాయన ఎండిన బావి మెట్ల మీద జారి పడ్డాడు. తొంటి విరిగింది. కట్టు కట్టించారు గానీ లేస్తాడో లేదో తెలియదు. "నిన్ను అడుగుతాండాడే. నోరిడిచి అడగడు. వాకిట్లో చప్పుడైతే తల తిప్పతాడు." మీటరు తిరుగుతోందని తొందరపడుతూ అంది. "బస్సెక్కి రా తల్లీ. వట్టి చేతులతో రా. విత్తనం ఒలిచి పెట్టుకోని ఉండాము, ఈసారి అది పోతే ఇంక తెచ్చుకోను యాడా పుట్టదు. బండ్లు మాత్రం వద్దే."

ఆ రాత్రి భోజనాలయ్యాక అందరి ముందూ అడిగాను. నన్ను బస్సులో పంపమన్నాను.

"బస్సులోనా?" మామగారు చెయ్యి కడుక్కుంటూ ఆగిపోయారు. "రేపో మాపో ఎలక్షన్లు. సర్పంచికి నిలబడేటోన్ని నేను. నా కోడలు బస్టాండులో సంచి పట్టుకోని నిలబడితే, బండ్లు అమ్ముకున్నాడంట పాపం అంటారు. నా కత ముగిసినట్టే."

మా ఆయన మంచి మనిషి. నావైపు జాలిగా చూసి, వాళ్ళమ్మ వైపు చూశారు. ఆమె ఏమంటే అదేనని నాకు తెలుసు.

"ఎలక్షన్లయినాంక పోదాం" అంది అత్త. "మీ నాయనకు దానిమ్మపండ్లు గంపలు గంపలు తీసకపోదాం."

మరుసటి రోజు తెల్లవారి, స్నానం చేసి దేవుని గూటి ముందు కూర్చున్నాను. ఆ ఇంట్లో చిన్నగా చేసినా ఎవరూ నవ్వని పని ఒకటే ఉండేది. మొక్కు. మా అత్త కూడా శనివారాలు ఒంటిపూట తిని, నేల మీద చాప వేసుకుని పడుకునేది. ఆ రోజు ఆమెను ఎవరూ పీనాసి అనేవారు కారు. దేవుని ఎదుట నాటకమాడే అలవాటు నాకు లేదు. నిజంగానే మొక్కుకున్నాను. స్వామీ, వట్టి చేతులతో బస్సెక్కిపోయి నాయనను చూసేదాకా ఒక్కపూటే తింటాను, ఆయనను లేపు, అన్నాను. లేచి వచ్చి ఉన్నదున్నట్టు అత్తకు చెప్పాను.

ఆమె కళ్ళు చెమర్చాయి. రెండు చేతులూ ఎత్తి గూటికి దండం పెట్టింది. "మొక్కంటే మొక్కే. దానికి అడ్డం పడిన ఇల్లు బాగుపడదు. బస్సులో పోతానన్నావు గదా, బస్సులోనే పోతావు" అంది. నేను ఆమె కాళ్ళకు దండం పెట్టాను. ఆ రోజంతా వంటింట్లో నా చేతులు వాటంతటవే పనిచేశాయి. మల్లెతీగకు ఒక చెంబు ఎక్కువ పోసినా ఎవరూ ఏమీ అనలేదు.

సాయంత్రం గేటు ముందు మామగారి గొంతు వినబడింది. ధర్మవరంలో ఎవరితోనో మాట్లాడి వచ్చారట. ఒక బస్సు కుదిరింది. పెళ్ళిళ్ళకు తోలే పెద్ద బస్సు.

"మొక్కు ఎంత గట్టిదైతే అంత ఘనంగా తీర్చాల" అంది అత్త సంతోషంగా. "మనింటోళ్ళు, మన వీధోళ్ళు అందరూ వస్తారు. ఎలక్షన్ల ముందర దేవుని పని చేసినట్టు కూడా ఉంటాది."

"అత్తా, వట్టి చేతులతో అని మొక్కినాను" అన్నాను.

"నీ చేతులు వట్టివేనమ్మే! నిన్నెవురు మోయమన్నారు? గంపలు మోసేటోళ్ళు వేరే ఉండారు."

ఆమె ఎగతాళి చేయడం లేదు. మొక్కు అక్షరం తప్పకుండా చెల్లిస్తున్నానని నమ్మింది. అదే నన్ను మరింత నోరెత్తకుండా చేసింది. నేను బయటికి పోవడానికి ఏ సందు వెతికినా, అది కూడా ఆమె ప్రేమతోనే వెడల్పయి, బస్సు పట్టేంత వెడల్పయి, నా ఒక్కదానికి మాత్రం పనికిరాకుండా పోతోంది.

ఆ శనివారం బస్సు బయల్దేరింది. ముందు అద్దానికి పూలదండ, నా మెడలో ఒక దండ. నన్ను మొదటి సీట్లో కూర్చోబెట్టారు. వెనక ఆడవాళ్ళు పాటలు అందుకున్నారు. అనంతపురం దాటి, కళ్యాణదుర్గం దాటి పోతుంటే దారి పొడుగునా దున్ని వదిలిన చేలు ఆకాశం చూస్తున్నాయి. నా మనసులో మా ఇంటి మూలనున్న మూటలు తప్ప ఇంకేమీ లేవు. అన్ని ఊళ్ళూ తొందరతొందరగా అయిపోతున్నాయి. ఏదైనా టైరు పంక్చరైతే బాగుండుననుకున్నాను. అన్నాళ్ళు నాయనను చూడాలని ఏడ్చి, పోతున్నప్పుడు పోకపోతే బాగుండునని కోరుకున్నాను.

నాయన పంచలో నులకమంచం మీద ఉన్నాడు. తొంటి నుంచి మోకాలిదాకా కట్టు. చెంపలు పీక్కుపోయాయి. ఆయన ముందు బస్సును చూశాడు, దిగుతున్న మనుషులను చూశాడు, గంపలను చూశాడు. ఆఖరుకు నన్ను చూశాడు. నేను పరుగెత్తి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నా తల మీద చెయ్యి వేసి ఉంచి, అమ్మను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. అమ్మ తెల్లబోయింది. "అట్లెట్లప్పా? పరువేం గాను?" అంది. "చెప్పినట్ల చెయ్యి" అన్నాడు నాయన.

అందరినీ వరసగా కూర్చోబెట్టారు. అమ్మ, చుట్టుపక్కల ఆడవాళ్ళు కలిసి వండింది వడ్డించారు. ఆకుకొక రాగిసంగటి ముద్ద, మీద ఉలవచారు. అంతే. పొద్దున్నుంచి బస్సులో వచ్చినవాళ్ళు, ఆకలి మీదున్నారు. ముద్ద ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. ఇంకొకటి వస్తుందని ఆకుల ముందు కూర్చున్నారు. రాలేదు. అడగడానికి మా అత్తవైపు వాళ్ళకు నోరు రాదు. అడగకుండా పెట్టించుకోవడం తప్ప వాళ్ళకు అలవాటు లేదు.

అత్త ఇల్లంతా కలయజూసింది. "ఆ మూలన మూటలేంది? చెనిక్కాయ విత్తనాలు ఉన్నట్టుండాయి గదా?"

నాయన మంచం మీంచే చేతులు జోడించాడు. "అవి ఇంటివి కాదక్కా, చేనివి. ఈ పూటకు మా ఇంట్లో ఉండేది ఇదే. ఇంక ల్యాదు."

మామగారు దగ్గారు. "ఏం బావా, వియ్యంకులొస్తే ఇంతేనా మర్యాద?"

"ఇంతే బావా" అన్నాడు నాయన. గొంతులో తొణుకు లేదు. "ఎప్పుడొచ్చినా ఇంతే."

ఒక్కొక్కరే లేచారు. పంచ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఆకులు నాకినట్టు శుభ్రంగా ఉన్నాయి. అత్త ఆ వరస వెంట నడిచింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను. పెట్టడంలో మా నాయనకు చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పేరుండేది. దారిన పోయేవాడిని పిలిచి అన్నం పెట్టే మనిషి. ఆ మనిషి ఇంటి ముందు నిలబడి మా అత్త, పల్లె అంతా వినేటట్టు అంది: "పీనాసోడు! ఇంత మందిని ఆకలితో లేపినాడు. ఎంగిలాకు మీద మెతుకు లేదు. థూ, ఏమి బతుకు!"

బస్సు దగ్గర అందరూ ఎక్కుతుంటే, చేతిగుడ్డ మరిచానని లోపలికి పోయినట్టు పోయి నాయన దగ్గర వంగాను.

"ఏం నాయనా ఇట్ల చేస్తివి? ఊరంతా ఇనేటట్టు ఎంత మాటన్నారు నిన్ను!"

"అననీలే" అన్నాడు. నొప్పికి మొహం ముడుచుకుంది గానీ, కళ్ళు తేటగా ఉన్నాయి. "ఇంక రారు గదా."

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆయన నా వీపు తట్టాడు. "పో. హారన్ కొడతాండారు. నువ్వొక్కదానివే వచ్చే దారి చూసుకో."

తిరుగు ప్రయాణంలో పాటల్లేవు. రాయదుర్గంలో ఆపి అందరికీ హోటల్లో తినిపించారు. అత్త అక్కడ కూడా ఆ మాటే అంది, ఇల్లు చేరాక కూడా అదే అంది. మూడో రోజుకు కోపం ఒక తీర్మానమైంది. "ఆ గడప ఇంక నేను తొక్కను. మన బండి టైరు ఆ ఊరి పొలిమేర తాకదు. దర్జాకు తగిన ఇల్లు కాదది. నీకు పోవాలనుంటే పో. బస్సెక్కి పో, వట్టి చేతులతో పో. ఆ ఇంటికి అంతకన్నా మర్యాద అక్కర్లే."

మామగారు ఊ అన్నారు. నేను తలొంచుకుని నిలబడ్డాను. సంతోషం మొహం మీదికి రాకుండా పట్టుకోవడానికి నాకు చాలా కష్టమైంది. అదే గుండెలో మా నాయనకు పడిన మాట కూడా ఉంది. రెండూ ఒకేసారి మోయడం ఎలాగో నేను ఏ పాఠంలోనూ నేర్చుకోలేదు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో నన్ను "పీనాసోని కూతురు" అని చూపించుకునేవాళ్ళు. చాలా ఏళ్ళు విన్నాను. నన్నంటే పర్వాలేదు; మా నాయన పేరు మీద ఆ మచ్చ ఈనాటికీ ఆ వైపు పోలేదు. గేటు కూడా అన్ని రోజులూ తెరుచుకోలేదు. ఏడాదికి ఒకసారి, పంటపని లేనప్పుడు, ఒక రాత్రి ఉండి మరుసటి పొద్దుకు తిరిగి రావాలి. మిగిలిన రోజులన్నీ అవే గోడలు, అవే హంగులు. అయినా ఆ ఒక్క రోజు నాకు ఇచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు తన పేరు పోగొట్టుకుని ఇచ్చారు, ఇంకొకరు తెలియకుండా ఇచ్చారు. దీపం ముందు ఇద్దరినీ తల్చుకుంటాను.

మొదటిసారి, బిడ్డను అత్త దగ్గర వదిలి ఒక్కదాన్నే పోయింది ఆ ఏడే వర్షాకాలం చివర్లో. అనంతపురం బస్టాండులో కళ్యాణదుర్గం మీదుగా పోయే బస్సు దగ్గర తోపులాట. నన్ను ఎవరో మోచేత్తో తోశారు. "జరుగమ్మా, దారికి అడ్డం నిలబడినావు" అన్నారు ఇంకెవరో. కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్ళో కోడిపిల్లల బుట్ట పెట్టుకున్న ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. కండక్టరు వచ్చాడు.

"యాడికమ్మా?"

ఊరి పేరు చెప్పాను.

"ఎంతమంది?"

"నేనొక్కదాన్నే" అన్నాను.

అవ్వ నావైపు తిరిగి, "ఎవురింటికి పోతాండావు పాపా?" అంది.

"మా నాయనింటికి అవ్వా."

"బాగుండాడా?"

"కట్టె పట్టుకోని నడుస్తాండాడంట" అన్నాను. బస్సు కదిలింది. మా ఊరి దగ్గర దిగేసరికి మధ్యాహ్నం దాటింది. బాట పక్కన రాయి మీద నాయన కూర్చుని ఉన్నాడు, తల మీద తువ్వాలు, పక్కన కట్టె. ఆయన వెనక అమ్మ నిలబడి నన్ను చూస్తూనే మొదలుపెట్టింది.

"పొద్దున్నించి ఈడనే కూచున్నాడు, చెప్తే ఇనడు. మొదటి బస్సులో రాదు, రెండో బస్సులో వస్తాదంటే ఇంటాడా!"

నాయన కట్టె ఊతంగా పైకి లేచాడు. లేవడానికి నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. తానే లేచి నిలబడి, నా వెనక బాటమీదికి ఒకసారి చూశాడు. దుమ్ము అప్పటికే కింద పడిపోయింది. ఎవరూ రావడం లేదు.

"సీటు దొరికిందా తల్లీ?" అన్నాడు.